ముత్తప్ప వంటింట్లో ద్వారకనాథ్

గురుబరపల్లి
12-5-1984

ముత్తప్పా,

నీ మనవరాలికి పేరు పెట్టే పండగ పిలుపు అందింది. పొట్లాల కాగితాలు చూసి అక్షరాలు నేర్చినోణ్ణి కదా, కూడబలుక్కొని చదివినాను.

పక్కింటి ద్వారకనాథ్ సెట్టి దినామూ నీ వంటింట్లోకి వచ్చి, కుండ మూత తీసి, "ఏం పులుసమ్మా ఈ పొద్దు?" అంటాడని రాసినావు. ఆయప్ప నువ్విప్పుడుండే మత్తిగిరికి నిన్నగాక మొన్న వచ్చినాడు. మనం మేకల వెనక తిరుగుతా ఒకే వంకలో నీళ్లు తాగినోళ్లం. నువ్వు ఊరవతల కాలనీలో, నేను ఊర్లో పుట్టినామని, నీ వంటిల్లు నేను చూసిందే లేదు. కడుపు మండదా?

చిన్నప్పుడు మా అమ్మను అడిగినాను, "వంక నీళ్లకు లేని అంటు ముత్తప్ప సంగటికి యాడినుంచి వచ్చిందిమా?" అని. "మీ నాయన్ను అడుగు" అనింది. నాయన్ను అడిగితే బరికె బదులు చెప్పింది. అది చింతబరికో కానగబరికో ఇప్పుడు గుర్తులేదు, వీపుకు రెండూ ఒకటే. నోరు మూసుకున్నాను గానీ, తలలో అడగడం ఆగలేదు.

ఇప్పుడు నువ్వేమో ఊరోళ్లకు వేరే పందిరి, హోసూరు నుంచి మా కులపు వంటాయన అని రాసినావు. మావాళ్లు నీ ఇంట తినరని నువ్వే ముందుగా సర్దిపెట్టినావు. వాళ్లిష్టం వాళ్లది. నేను మాత్రం ఆ పందిట్లో కూర్చోనప్పా.

నీ ఇంటామె, నాకు చెల్లెలు, మునివెంకటమ్మతో చెప్పు, ఆయమ్మ కెలికిన సంగటి, ఉలవల పులుసు నాకు కావాల. ముందురోజే వస్తాను. ఆ సెట్టి వచ్చి మూత తీస్తే కుండ ఖాళీగా కనపడాల.

ఆకలితో,
నీ జతగాడు