పొగమంచు మీద రెండు చుట్లు

పిస్కాటవే,
సెప్టెంబర్ 3

చిట్టితల్లి హాసినికి,

ఫోన్ ఎత్తితే గొడవే అవుతోందని కాగితం పట్టాను. మన ఊళ్లో బొగ్గు గనైనా, అలాస్కాలో నువ్వు చేసే జింక్ గనైనా, బాయి బాయే. ఆ ఉద్యోగం మానెయ్. నన్నిక్కడికి పిలిపించుకున్న మీ అన్నయ్య ఈ ఊళ్లోనే నీకేదో ఉద్యోగం చూస్తానంటున్నాడు. కూలీలకంటే ముందు వెళ్లి గని కప్పు పరీక్షించే సర్దార్‌గా ఇరవై ఎనిమిదేళ్లు చేసినవాణ్ని, ఊరికే చెప్పను. కారణం మాత్రం అడగకు. మానేదాకా నాతో మాట్లాడకు.

మీ నాన్న,
కోటేశ్వరరావు

గని క్యాంపు,
సెప్టెంబర్ 14

ప్రియమైన నాన్నా,

మాట్లాడకు అన్నావు, రాయొద్దనలేదుగా. చిన్నప్పుడు మొదటి షిఫ్టు సైరన్ కూయగానే నీ టోపీ నెత్తిన పెట్టుకుని గేటు దాకా పరిగెత్తేదాన్ని, గుర్తుందా? వంటింటి గోడ తట్టి, గట్టిగా పలికిందా డొల్లగా పలికిందా అని అడిగేవాడివి. గనిలో డొల్లగా పలికిన కప్పు ఊడిపడుతుందనేవాడివి. సరిగ్గా చెబితే బెల్లం ముక్క. ఆ రోజులే నన్నిక్కడికి తెచ్చాయి. మరి నీకేమైంది?

ఇక్కడికి రోడ్డు లేదు. మా షిఫ్టు మనుషుల్ని తెచ్చే చార్టర్ విమానంలో ఇంటివాళ్లకు నెలకో సీటు ఇస్తారు. ఈసారి నీకోసం అడిగాను. ఒక్కసారి వచ్చి చూడు. చూశాక కూడా మానెయ్ అంటే మానేస్తాను.

నీ హాసిని

ఫెయిర్‌బ్యాంక్స్,
అక్టోబర్ 2

అమ్మా హాసినీ,

బయల్దేరాను గానీ నీ దాకా రాలేదు. పొద్దున నన్నూ నా సంచీనీ కలిపి కాటా మీద నిలబెట్టారు, మిర్చి బస్తాను తూచినట్టు. ఎక్కి చూస్తే అచ్చం మన షిఫ్టు బస్సే. టోపీలు ముఖాన వేసుకుని అందరూ నిద్ర. ఎవరిదో టిఫిన్ డబ్బా వాసన. ఆ రోజులన్నీ ఒక్కసారి మీదపడి, కళ్లు తుడుచుకున్నాను.

పక్క సీటతను నీ షిఫ్టువాడట. నీ తండ్రినని చెప్పలేదు. "మా బాస్ ఇండియా అమ్మాయి. తనే ముందెళ్లి ఇనుప కడ్డీతో కప్పంతా తట్టి వింటుంది. అది అయ్యేదాకా ఎంత తొందరపెట్టినా మమ్మల్ని కదలనివ్వదు. వాళ్ల నాన్న నేర్పాడట" అన్నాడు.

కింద దట్టంగా పొగమంచు. నీ క్యాంపు మీద రెండు చుట్లు తిరిగి, దిగే వీల్లేక వెనక్కి తెచ్చేశారు.

నాతో గనిలో పనిచేసిన ఓదెలు మామ గుర్తున్నాడా? గని కప్పు మీద కూలి చనిపోయాడు. తలరాత అని ఊరంతా చెప్పాను. ఆ రోజు నేను ఆలస్యంగా వచ్చి, కప్పు తట్టకుండానే తట్టానని చెప్పి అతన్ని పంపాను. అలాంటి రోజు నీకూ వస్తుందేమోనని నా భయం. నీకు చెప్పడానికి ముఖం చెల్లలేదు తల్లీ.

ఈ ఉత్తరం రేపటి విమానంలో పంపుతున్నాను. అందులో ఖాళీ లేదు, శుక్రవారం విమానంలో నాకు సీటుందట. ఇంకా రమ్మంటావా?

నాన్న

గని క్యాంపు,
అక్టోబర్ 4

నాన్నా,

ఆ సంగతి నాకు తెలుసు. నువ్వు అమ్మకొక్కదానికే చెప్పుకున్నావట. నేను మైనింగ్‌లో చేరేముందు అమ్మ నాకు చెప్పింది. కప్పు తట్టకుండా ఎవర్నీ లోపలికి పంపకూడదనే చేరాను. నీ నోటితో ఎప్పుడు చెబుతావా అని ఇన్నేళ్లూ ఎదురుచూశాను.

శుక్రవారం రా. మేనేజర్‌ని అడిగి ఒప్పించాను. మర్నాడు మొదటి షిఫ్టుకి కప్పు నువ్వు తడతావు. రూలు కాబట్టి నీ తర్వాత నేనూ తడతాను. పన్నెండుమంది బయట నిలబడి ఉంటారు నాన్నా. నువ్వు సరే అన్నాకే వాళ్లు లోపలికి వెళ్తారు.

నీ కూతురు,
హాసిని