నవ్య ఏడ్చిన టేకు

అమీర్‌పేట,
ఆదివారం.

పూజ్యులైన నాన్నగారికి,

మీ సుమతి నమస్కరించి రాస్తున్నది. నేను బాగానే ఉన్నాను. మీ మోకాలి నొప్పి తగ్గిందా? అమ్మ, నాయనమ్మ ఎలా ఉన్నారు? ఇక్కడ రోజూ వాన. హాస్టల్లో సాంబారు నీళ్ళలా ఉన్నా కడుపునిండానే తింటున్నాను, బెంగ పెట్టుకోకండి. మైత్రీవనంలో కంప్యూటర్ క్లాసులు మానడం లేదు. ఇప్పుడు రాయబోయే సంగతి ఫోన్లో చెబితే నా గొంతు విని అమ్మ కంగారు పడుతుంది. అందుకే రాస్తున్నాను.

సాయంత్రాలు శ్రీనగర్ కాలనీలోని డబ్బింగ్ స్టూడియోలో మాటలు రాయడానికి సాయం చేస్తున్నానని చెప్పాను కదా. ఇప్పటిది ఇంగ్లీషు సినిమా. తెలివైన పిల్లల్ని ఏరి తెచ్చి అంతరిక్షంలో యుద్ధానికి తయారుచేస్తారు. తెర మీద నటుల పెదవులు కలిసిన చోటల్లా మన తెలుగు మాటలో ప, బ, మ పడాలి. అలాంటి మాట దొరికిన రోజు నాకు అన్నం కూడా గుర్తుండదు.

మొన్నటి ఘట్టంలో, ఒక పాప కసిగా పోరాడాలని సేనాధిపతి "మీ అమ్మ నిన్ను మరిచిపోయింది" అని అబద్ధమాడతాడు. పాప ఏడవాలి. ఆ మాట నేనే రాశాను. పెదవులకు చక్కగా కుదిరిందని మురిసిపోయాను కూడా.

ఆ పాపకు గొంతు ఇస్తున్నది బల్కంపేట నుంచి వచ్చే నవ్య, తొమ్మిదేళ్ళ పిల్ల. ఎన్నిసార్లు చెప్పించి టేకులు తీసినా దొంగ ఏడుపే. డబ్బింగ్ చెప్పించే ఆయన నాతో మెల్లగా, "ఏంటమ్మా అలా నిలబడ్డావ్? నవ్య వాళ్ళమ్మను చాయ్‌కి తీసుకెళ్ళు. పాపం, మధ్యాహ్నం నుంచి కూర్చుంది" అన్నాడు. ఎంత మంచివాడో అనుకుని తీసుకెళ్ళాను.

తిరిగొచ్చేసరికి రికార్డింగ్ గది అద్దం అవతల నవ్య వెక్కి వెక్కి ఏడుస్తోంది. "మీ అమ్మ నిన్ను వదిలేసి పోయింది, ఇక రాదు" అని ఆయన దానితో చెప్పాడట. తల్లి కూర్చున్న కుర్చీ ఖాళీగా ఉండటం చూసి పిల్ల నమ్మేసింది. ఇవతల అందరూ చప్పట్లు! నాన్నా, ఒళ్ళు మండిపోయింది. రేపు హాల్లో జనం ఆ సేనాధిపతిని తిడతారు. మరి వీళ్ళను ఎవరు తిట్టాలి?

"ఆ టేకు తీసేయండి" అని అరిచాను.

"సినిమా అంటే ఇంతే. రేపటి నుంచి నువ్వు రాకు" అన్నాడు.

పిల్ల ఎందుకు ఏడుస్తోందో తెలియక నిలబడ్డ తల్లికి జరిగిందంతా చెప్పాను. ఆమె నవ్యను చంకనెత్తుకుని నేరుగా అతని ముందుకు పోయింది. "నా బిడ్డ ఏడుపు గీ సినిమాల ఉండొద్దు. తీసేసేదాక గీడ్నే కూసుంట" అని నేల మీద కూర్చుంది. గంటసేపు కదల్లేదు. చివరికి సౌండ్ చూసే అన్న మా కళ్ళ ముందే ఆ టేకు తీసేశాడు.

అప్పుడామె నా వైపు తిరిగింది. "చాయ్ తాగుదం దా అని తీస్కపోతివి గదా నన్ను" అంది. తెలియక చేసినా, తీసుకెళ్ళింది నేనే కదా. అతని మీద ఎంత కోపమో, నా మీద నాకు అంత కోపం. పంజాగుట్ట మీదుగా హాస్టల్ దాకా వానలో నడిచే వచ్చాను.

పనికి ఇంకోచోట అడుగుతాను, మీరు దిగులు పడకండి. అటక మీద ఉన్న నిఘంటువు బస్సులో వేయించండి. నాయనమ్మకు, బాబాయికి నా నమస్కారాలు.

ఒక్కటి మాత్రం మీరే చెప్పాలి. మెట్లు దిగుతుంటే నవ్య నా చున్నీ పట్టుకుని లాగి, "అక్కా, ఎందుకు తీసేసిండ్రు? నేను మంచిగ ఏడ్వలేదా?" అని అడిగింది.  మీరైతే ఆ పిల్లకు ఏం చెప్పేవారో రాయండి.

మీ దీవెనలు కోరుతూ,
మీ కూతురు
సుమతి