మూడో తీగ కలిసినప్పుడు

మార్చి 14, ఆదివారం

గౌరవనీయులైన తాతయ్య గారికి,

నమస్కారాలు. ఇక్కడ అమ్మా నేనూ కుశలం. అక్కడ మీరూ, మీ ఎడమ మోకాలూ కూడా కుశలమని తలుస్తాను. పెద్దలకు రాసేటప్పుడు ‘మీరు’ అనాలంది అమ్మ. అన్నాను. ఇక నావల్ల కాదు తాతయ్యా.

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు. పియానో శ్రుతి చేసే పనిముట్ల సంచి మా సంగీత పాఠశాల హాలు కాపలాదారు చేతిలో పెట్టి, “నలభై ఏళ్లు చేశాను, ఇక చాల్లే” అని వెళ్లిపోయావట. అందుకే ఈ ఉత్తరం.

తప్పు నీది కాదు. శుక్రవారం నా పియానో పరీక్ష కదా, వాయిద్యం ఒకసారి చూద్దామని పొద్దున్నే హాలుకు వచ్చావు. మూత ఎత్తితే తీగల మధ్య మరమేకులు, రబ్బరు ముక్కలు. నేను పరీక్షలో వాయించాల్సిన కొత్త తరహా సంగీత రచనలో పియానో రేకు డబ్బాలా మోగాలని ముందు రోజు నేనూ, మా పియానో మాస్టారూ దూర్చినవే అవి. నీకు చెప్పడం మరిచాను. ఎవరో ఆకతాయిల పని అనుకుని అన్నీ పీకేసి, రెండు గంటలు కూర్చుని శ్రుతి చేశావు. నేను వచ్చేసరికి పదిహేడు మరమేకులూ నీ చేతిరుమాలు మీద పొడవు ప్రకారం బారులు తీరి ఉన్నాయి. మాస్టారు తల పట్టుకున్నారు. మళ్లీ బిగించే వ్యవధి లేదు. అలాగే వాయించాను.

మొదట ఒకే స్వరం, మళ్లీ మళ్లీ. వాయిస్తుంటే నా ఆరేళ్లప్పటి ఆదివారాలు గుర్తొచ్చాయి. నువ్వు పియానో ముందు, నేను దాని కింద ఎక్కాలు రాసుకుంటూ. చాలా మీటలకు మూడేసి తీగలుంటాయని నువ్వే చెప్పావు. వాటికి పొత్తు కుదరకపోతే గాలిలో సన్నటి వణుకు పుట్టేది. నువ్వు తీగను బిగించే శ్రుతి మేకు తిప్పేకొద్దీ ఆ వణుకు నెమ్మదించి, నెమ్మదించి, ఆగేది. మూడో తీగ కూడా కలిశాక నీ గొంతులోంచి ఒక “ఊఁ”. ఆ మాటకు అర్థం ఈ మధ్య నిఘంటువులో వెతికాను. ఉన్నవేవీ చాల్లేదు.

రచన చివర పెద్ద నిశ్శబ్దం ఉంది. మీట నొక్కిపట్టి, ధ్వని సన్నగిల్లేదాకా ఆగాను. అప్పుడు తెర వెనక నుంచి నువ్వు “ఊఁ” అన్నావు. హాలంతా వినపడింది. ఇదీ చెడగొట్టానే అనుకున్నావేమో, వెనక తలుపులోంచి వెళ్లిపోయావు.

కాస్త ఆగాల్సింది. జరిగింది మాస్టారు చెబితే, పరీక్ష చెయ్యడానికి వచ్చిన పెద్దావిడ ఆయనతో అన్నది వినేవాడివి: “ఇకమీదట మరమేకులొద్దండీ. ఇలాగే వాయించనివ్వండి.”

వచ్చే నెల పన్నెండున అదే హాల్లో మళ్లీ వాయించమన్నారు. ఆ పియానో మీద ఇంకెవరినీ చెయ్యి వెయ్యనివ్వను. నీ సంచి తెచ్చి నా మంచం కింద దాచాను. రా తాతయ్యా.

నీ మనవరాలు,
ఎక్కాల పిల్ల

తా.క. కార్యక్రమం కాగితంలో రచయిత పేరే లేదని కాపలాదారు దగ్గర సణిగావట. పెట్టుకునే ధైర్యం నాకు లేకపోయింది. అది నేను రాసిందే. చివరి పుట ఈ ఉత్తరంతో పంపుతున్నాను. నిశ్శబ్దం ఉన్నచోట పెన్సిలుతో ఏం రాశానో కళ్లజోడు పెట్టుకుని చూడు: “ఇక్కడ వాయించేవారు ‘ఊఁ’ అనాలి.” శుక్రవారం నాకు గొంతు పెగల్లేదు. నా బదులు నువ్వన్నావు.