పడమటెండలో నల్ల రెయిలింగు

ధర్మేంద్రా,

మీ అమ్మని తీసుకుని మీ అన్నయ్యా నేనూ శ్రీకాకుళం ఆసుపత్రికి వెళ్తున్నాం. అన్నం గిన్నెలో ఉంది.

డాబా మెట్లకి వేయించిన ఆ నల్ల ఇనప రెయిలింగు ఈరోజే పీకించు. కొత్తది పెట్టేదాకా తాడు కట్టు, పిల్లలు ఎక్కుతారు. చేతిపట్టు మాత్రం చెక్కదే వేయించు.

బాగున్న చెక్క రెయిలింగు నువ్వే తీయించావు. పడమటెండ కొట్టే చోట ఇనుము వద్దన్నాను. "నీకేటి తెలుసు వదినా, ఇప్పుడందరూ ఇదే ఎయిస్తన్నారు" అన్నావు. మధ్యాహ్నం మీ అమ్మ వడియాలు తిరగేసి దిగుతూ దాన్ని పట్టుకుంది. చెయ్యి చుర్రుమనేసరికి వదిలేసి కింద దాకా దొర్లిపోయింది. అరచెయ్యంతా బొబ్బలు. తుంటి కదపలేకపోతోంది.

ఆటో ఎక్కిస్తుంటే కూడా "నా కాలే జారిపోనాది, గుంటడినేటీ అనకండి" అని నిన్నే వెనకేసుకొస్తోంది. మీ అన్నయ్య నమ్మాడు. నేను నోరు మూసుకున్నది ఆవిడ కోసం, నీ కోసం కాదు.

వదిన

నువ్వు ఆసుపత్రికి మాత్రం రాకు. నిన్ను చూస్తే నొప్పి లేనట్టు లేచి కూర్చోబోతుంది.