రాతిగోడకు మెట్లు

నాయనా,

మద్రాసు కాలేజీకి వేసవి సెలవులిచ్చారు. నువ్వు మేకలు తోలిన కొండలోయలోకి, నువ్వు పోయిన మూడేళ్లకు, ఇవాళ దిగాను. రాచర్ల ఓబయ్య మామ తోడొచ్చాడు. కాలుతున్న ఎర్రరాతి గోడల నడుమ ఆకాశం నీ పంచె అంచంత సన్నగా కనిపించింది.

తిరిగి నువ్వు ఎక్కే దారిన ఎక్కేటప్పుడు, గోడ సగంలో కాలు మోపే చోటు దొరక్క ఆగాను.

"మీ నాయన ఉలితో తొలిచిన మెట్లుండాయి, తడిమి చూడు అల్లుడా!" అని కింది నుంచి మామ అరిచాడు.

తడిమాను. నీ అంగకొకటి ఉంది.

చిన్నప్పుడు నువ్వు ఎన్నిసార్లు రమ్మన్నా, "నా కాళ్లందవు నాయనా" అని నేను రాలేదు. నీ ప్రతి రెండు మెట్ల నడుమా ఇంకో చిన్న మెట్టుంది. ఇప్పుడు అందులో నా కాలి బొటనవేలే పట్టింది.