ఎరుపు పోయిన ఇనుము

శనివారం రాత్రి

మా సుజాత వ్యాసం పెద్ద సైన్సు పత్రికలో అచ్చవుతోంది, నా బంగారు తల్లి! జంటగా తిరిగే నక్షత్రాల్లో ఒకటి మండటం ఆగి చల్లారుతున్న చిన్న చుక్క, వైట్ డ్వార్ఫ్ అంటారట, పెద్ద అయస్కాంతమట. కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగులో దాన్ని చూసిందట.

"ముందు సిన్నాన్నకి సెప్పు నాన్నా," అంది ఫోన్లో. "ఎరుపు పోయినా ఇనుము ముట్టుకుంటే సెయ్యి కాలతాదని వర్క్‌షాపులో సూపించినాడు గదా. ఇదీ అదే."

తమ్ముడు ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడని దానికింకా చెప్పలేదు. వెళ్లి వాడి చెవిలో మూడుసార్లు చెప్పాను. కళ్లు తెరవలేదు. ఇక ఆశ లేదని, అయినవాళ్లకి కబురు పెట్టమని డాక్టరన్నాడు.

ఇంత సంతోషాన్ని ఎక్కడ పెట్టుకోను? సుజాత మళ్లీ ఫోను చేస్తే, "విని నవ్వాడమ్మా" అన్నాను.

తెల్లారగానే చెప్పవలసినవాళ్లు: మలంచాలో చెల్లెలు, ఖరిదాలో మేనమామ కొడుకు, పలాసలో పెద్దక్క, సుజాత.