ఉప్పు లేని రొట్టెలు

సర్పంచ్ పెద్దనాయినకు,

దండం పెట్టి మొదలుపెడదామంటే చేతులు రావడం లేదు.

పశువుల దవాఖాన కరపత్రం చదివి, వాడకుక్కల కోసం జొన్నపిండిలో గుమ్మడికాయ కలిపి, ఉప్పు లేని చిన్న రొట్టెలు కాల్చేవాణ్ణి. నువ్వు పంపిన లింగస్వామి మొన్న వచ్చి, "జర నాకు గిన్ని ఇయ్యి తమ్మీ, మా కుక్కకు పెడ్త" అంటే మురిసిపోయి గంపెడిచ్చాను. ఆ రొట్టెలకు పురుగుల మందు పూయించి వాడకుక్కలకు వేయించావు. ఇంకెవరు వేసినా తినేవి కావు. నా రొట్టె వాసన నమ్మి తిన్నాయి.

చంపే హక్కు నీకెవరిచ్చారో కలెక్టరుకు వేరే రాస్తాను. నిన్నడిగేది ఒక్కటే. నల్లకుక్క పిల్ల ఒకటి బతికింది. తల్లి చచ్చినప్పటి నుంచి నేనేం పెట్టినా వాసన చూసి వెనక్కి పోతోంది. నీ మనవరాలు సుచరిత దానికి చాటుగా పాలు పోసేది. ఆమెను తిట్టకు, ఒక్కసారి పంపు. మీ ఇంటి చేతిదైనా తింటుందేమో.

నీ తమ్ముని కొడుకు